పానా–పక్కడ్: బాపు ఆరెక్స్ హండ్రెడ్

పోయిన నెల కుట్టుమిషన్ మోటారు గురించి రాస్తే నలుగురు ఆడవాళ్లు ఇంటికే వచ్చి అడిగి పోయిండ్రు. సంతోషం. ఈ నెల నీళ్ల మోటారు సంగతి రాద్దామనుకున్న. ఇంతల ఒక ఆదివారం పొద్దున్నే మా గల్లీలకు ఒక పిల్లగాడు బండి తోసుకుంటూ వచ్చిండు. నీళ్ల మోటారు పక్కకు పోయింది.

బండి మీద పాత చద్దర్ కప్పి ఉంది. తీసి చూస్తే యమహా ఆరెక్స్ 100, 1994ది. ట్యాంకు అడుగున తుప్పు, టైర్లు ఎండి పగుళ్లు వచ్చినయి. వాళ్ల బాపు సాంచాల కాడ నిలబడి నిలబడి నడుము పోగొట్టుకున్నడు, నాలుగేండ్ల నుంచి బండి ముట్టలేదు. పిల్లగానికి 20 ఏండ్లు. అక్కల్‌కోట్ రోడ్డు ఎంఐడీసీల టవల్ ప్యాకింగ్ పని.

"కాకా, దీన్ని జర మాడిఫై చెయ్యాలె. మీరు చూపిస్తే నేనే చేస్కుంట" అన్నడు. ఫోన్ల పెద్ద లిస్టు ఉంది. డబ్బా లేని ఎయిర్ ఫిల్టర్, పెద్ద కార్బురేటర్, కోసిన సైలెన్సర్, పోర్టులు గీకుడు, ముందట పెద్ద స్ప్రాకెట్. అన్నీ కలిపి 28 వేలు.

"మీ అమ్మకు తెలుసా?" అన్న.

తల గోక్కున్నడు. అసలు సంగతి మెల్లగ బయటికొచ్చింది. ఎవరో బండికి 60 వేలు ఇస్తమన్నరట. చెల్లె డిప్లొమా ఫీజు కట్టాలె, అమ్మేద్దామని అమ్మ పట్టు. కొడుకు ఏడ్చినంత పని చేస్తే ఒక మాట మీద ఒప్పుకున్నది. వారానికి రెండుసార్లు బీడీల బుట్టతో తనను కంపెనీ దాకా దింపి మళ్ల తీస్కరావాలె. అట్లయితెనే బండి ఇంట్ల ఉంటది. లేకుంటే దీపావళి లోపు అమ్ముడే.

నేను ఒకటే అడిగిన. "బ్రేకు లైనర్లు ఎప్పుడు మార్చిండ్రు?"

"తెల్వదు కాకా."

ఈ బండి గురించి మన గల్లీలల్ల కథలు చాలనే ఉన్నయి గనుక కొంచెం లెక్క చెప్త. 1985ల ఎస్కార్ట్స్ కంపెనీతో కలిసి యమహా దీన్ని మన దేశంల దించింది. 1996 దాకా తయారైంది. ఇంజిన్ 98 సీసీ, టూ స్ట్రోక్. బలం 11 హార్స్ పవర్. ఇప్పుడు అదేం పెద్ద లెక్క కాదు. కానీ బండి బరువు సుమారు 100 కిలోలే. ఆ ఉరుకుడంత ఆ తేలికతనం నుంచే వచ్చింది. తేలిక బండికి ఇంకో ముఖం కూడా ఉంది. నడిపేటోడు 65 కిలోలు, వెనక అమ్మ 55 కిలోలు అనుకోండి. మనుషులే 120 కిలోలైతరు. అంటే ఎక్కిన బరువు బండి కంటే ఎక్కువ. ఒంటరిగ పోయేటప్పుడు మంచిగ ఆగిన బండి, వెనక మనిషి కూసుంటే అట్ల ఆగదు. ఇంకోటి, 40ల పోయే బండిని 60ల పోనిస్తే బ్రేకు మింగవలసిన జోరు ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంబావు రెట్లు అయితది. ఈ లెక్క నేను బళ్లె నేర్వలేదు.

1993ల నాకు ఇదే బండి ఉండె, సెకండ్ హ్యాండ్ల కొన్న. అప్పుడు జాబర్‌గ చేస్తుంటి, చేతుల పానా ఉంటే లోకమంత నాదే అనుకునేటోణ్ని. సైలెన్సర్ లోపలి పైపు పీకేసిన, ముందట స్ప్రాకెట్ ఒక పన్ను పెద్దది వేసిన. బ్రేకుల దిక్కు చూడలేదు. ఒక గురువారం ఇంటామెను ఎక్కించుకొని అక్కల్‌కోట్ బయలుదేరిన. చెరుకు బండి ఒకటి పొలం దారి నుంచి రోడ్డు మీదికి తిరిగింది. బ్రేకు తొక్కిన, పట్టిన. బండి ఆగలేదు, జారింది. నాకు మోకాలు చెక్కుకపోయింది. ఆమెకు కుడిచేతి మణికట్టు విరిగింది. రోజుకు వెయ్యి బీడీలు చుట్టే చెయ్యి అది. మూడు నెలలు ఒక్క బీడీ చుట్టలేదు. ఆ మూడు నెలలు మా ఇంట్ల కూర ఎట్ల వండుకున్నమో ఆమెనే అడగండి. ఇప్పటికీ చలికాలం ఆ చెయ్యి గుంజుతది, అప్పుడు నా దిక్కు చూస్తది. ఏం అనదు.

అందుకే పిల్లగానితోని మొదటి ఆదివారమంత చక్రాల కాడనే కూసున్న. వానికి బోర్ కొట్టింది, నాకు తెలుసు.

ఆరెక్స్‌కు ముందు వెనక రెండూ డ్రమ్ బ్రేకులే. మంచిగ పెట్టుకుంటే చాలు, అవే పట్టుతయి. చక్రం విప్పగానే లోపల నల్లటి పొడి ఉంటది. దాన్ని నోటితో ఊదొద్దు, గాలి పంపు కొట్టొద్దు. పాత లైనర్లల్ల ఆస్బెస్టాస్ ఉండేది. దూది ధూళి ఊపిరితిత్తులను ఏం చేస్తదో మన ఇండ్లల్ల కొత్తగ చెప్పే పని లేదు, ఇది దానికంటే పాడు. తడి గుడ్డతో తుడిచి, గుడ్డను కవర్ల కట్టి పారెయ్యాలె. మా పిల్లగాని లైనర్లు అరగలేదు గానీ అద్దం లెక్క మెరుస్తున్నయి. అట్ల మెరిస్తే పట్టవు. కొంచెం మిగిలి ఉంటే గరుకు కాగితంతో తడి పెట్టి రుద్దొచ్చు. నాలుగేండ్లు పడి ఉన్న బండి గనుక నేను కొత్తవే వెయ్యిపిచ్చిన. లైనర్లను తెరిచే క్యామ్ పిన్ను బిగుసుకపోయి ఉంది. దాన్ని తీసి, శుభ్రం చేసి, గ్రీజు చిటికెడంటే చిటికెడే పెట్టాలె. ఎక్కువైతే వేడికి కరిగి లైనర్ మీద పడతది, ఇగ బ్రేకు లేనట్టే.

చక్రం బిగిచ్చేటప్పుడు ఒక చిన్న ఉపాయం ఉంది. ఇరుసు నట్టు వదులుగ ఉంచి, చక్రం తిప్పి, బ్రేకు గట్టిగ పట్టుకోవాలె. పట్టుకొనే ఉండి నట్టు బిగించాలె. లైనర్లు డ్రమ్ముకు నడుమ సరిగ్గ కూసుంటయి. వాడు ఇది చేసి, గల్లీల ఒక చుట్టు తోసి, ముందు బ్రేకు పట్టి చూసిండు. "కాకా, ఇది ఇంత పట్టుతదా?" అన్నడు.

రెండో ఆదివారం పెట్రోలు దిక్కు. ఇప్పుడు బంకులల్ల పోసే పెట్రోలుల 20 శాతం దాకా ఇథనాల్ ఉంటది. అది నీళ్లను గుంజుకుంటది, పాత రబ్బరును మెత్తబరుస్తది. పడి ఉన్న బండి ట్యాంకుల ఆ నీళ్లు అడుగుకు దిగి తుప్పు తెస్తయి. అందుకని ట్యాంకు మొత్తం ఖాళీ చేసినం, రబ్బరు పైపు, కార్బురేటర్ అడుగు ప్యాకింగు కొత్తవి వేసినం. బండిని నెల కంటే ఎక్కువ నిలబెట్టేటట్టుంటే కార్బురేటర్ల పెట్రోలు వదిలెయ్యండి.

కార్బురేటర్ల పైలట్ జెట్టు అని చిన్న ఇత్తడి ముక్క, దాని తొర్ర సూది కంటే సన్నం. అది మూసుకపోతే బండి నిలకడగ తిరగదు. మా వాడు ఇనుప తీగ తీస్కొచ్చిండు. చేతుల నుంచి గుంజుకున్న. తీగ పెడితే ఇత్తడి గీసుకపోయి తొర్ర పెద్దగైతది, ఇగ ఆ జెట్టు పనికిరాదు. పెట్రోలుల నానబెట్టి నైలాన్ పోగు దూర్చాలె. మన ఇండ్లల్ల దానికి కరువా? గాలి స్క్రూను మెల్లగ పూర్తిగ బిగించి, ఒకటిన్నర చుట్లు వెనక్కి తిప్పి, ఇంజిన్ వేడైనంక అక్కడి నుంచి అటు ఇటు చూసుకోవాలె.

తర్వాత ప్లగ్గు. బండిని కొంత దూరం నడిపి తీసి చూడండి. మొన బిస్కెట్ రంగుల ఉంటే సుఖం. నల్లగ, తడిగ ఉంటే పెట్రోలో ఆయిలో ఎక్కువైంది. తెల్లగ ఉంటేనే భయపడాలె, గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైంది. టూ స్ట్రోక్ ఇంజిన్‌కు నూనె కూడా ఆ మిశ్రమంతోనే పోతది. పెట్రోలు తక్కువైతే వేడి పెరిగి పిస్టన్ బిగుసుకపోతది. నడిచే బండి వెనక చక్రం ఒక్కసారి ఆగిపోతది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా పీకేసే పిల్లలు చేసుకునేది ఇదే. లిస్టుల మొదటిది అట్ల కొట్టేసినం.

సైలెన్సర్ కాడ మాత్రం మాకు గట్టి వాదన అయింది. "దమ్ము రాదు కాకా, మూసుకపోయినట్టుంది" అంటడు. నిజమే, మూసుకపోయింది. అయితే కోసుడు మందు కాదు. టూ స్ట్రోక్‌ల పొగ బయటికి పోయేటప్పుడు కొంత కొత్త పెట్రోలు గాలి కూడా దాని వెంట జారిపోతది. సైలెన్సర్ లోపలి ఆకారం దాన్ని వెనక్కి నెట్టేటట్టు కట్టింది. కోస్తే చప్పుడు పెరుగుతది, కింది గేర్లల్ల గుంజుడు తగ్గుతది. చెవులకు ఉరికినట్టుంటది, గడియారానికి ఉరకదు. అసలు మందు మసి తీసుడు. వెనక బోల్టు ఇప్పితే లోపలి పైపు బయటికొస్తది. మాది మసి పేరుకొని వేలు దూరకుండ ఉంది. కాస్టిక్ నీళ్లల్ల రాత్రంత ఉంచినం. రంగుల కార్ఖానల పనిచేసినోళ్లకు కాస్టిక్ సంగతి తెలుసు, తెలియనోళ్లు ముట్టొద్దు. చేతులకు, కండ్లకు కవచం లేనిది వద్దు. అల్యూమినియం ముక్కను అసలే ముంచొద్దు, తినేస్తది. పొద్దున కడిగి వైర్ బ్రష్ కొట్టి బిగిస్తే, కోయకుండనే దమ్ము వచ్చింది.

ఇంకో అడ్డం కూడా ఉంది. బండి రిజిస్ట్రేషన్ 15 ఏండ్లు, ఆ పైన అయిదేసి ఏండ్లకు రెన్యూవల్. ఈ బండిది 2024ల ఐపోయింది. ఆర్టీవో కాడ తనిఖీకి నిలబెట్టాలె. కంపెనీ కట్టిన తీరును మార్చొద్దని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్తది, 2019ల సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగ అన్నది. ఒక్కొక్క మార్పుకు 5 వేల దాకా జుర్మానా, జైలు కూడా రాసి ఉంది. లిస్టు పక్కన నేను 5 వేలు, 5 వేలు అని రాసుకుంటూ పోతుంటే వాడే ఫోన్ జేబుల పెట్టుకున్నడు.

అంటే ఏదీ మార్చొద్దని కాదు. అదే సైజుల మంచి టైర్లు వేసినం, కేబుళ్లన్నీ కొత్తవి వేసినం. వెనక పీకేసి ఉన్న చీర గార్డు మాత్రం నేనే వెతికి తెచ్చి పెట్టిచ్చిన. "లుక్కు పోతది కాకా" అన్నడు. "మీ అమ్మ కొంగు పోతది" అన్న. అంతా కలిసి 28 వేలల్ల మూడో వంతు కూడా కాలేదు.

మూడో ఆదివారం వాళ్ల అమ్మ వచ్చింది. బండి చుట్టు తిరిగింది. "అన్నా, ఆగుతదా?" అన్నది. "ఎక్కి చూడు చెల్లె" అన్న. గల్లీ చివరి దాకా పోయి వచ్చిండ్రు, నడుమ రెండుసార్లు కావాలనే బ్రేకు కొట్టమన్నదట. దిగి ఏం మాట్లాడలేదు, ఇంట్లకు పోయి మా ఇంటామెతో చాయ్ తాగింది. అమ్ముడు ముచ్చట అయితే ఇప్పటికి ఆగింది. ఆర్టీవో కాయితాలు చేతికొచ్చే దాకా మాత్రం బండి గల్లీ దాటదు, అది నా షరతు.

పని ఇంకా పూర్తి కాలేదు. కిక్ కొట్టేటప్పుడు బలం తక్కువ తగులుతంది, రింగులు పోయినయని నా అనుమానం. సిలిండర్ విప్పితే గీతలున్నయో లేదో తెలుస్తది. ఉంటే బోర్ చేసి పెద్ద సైజు పిస్టన్ వెయ్యాలె, అది బోనస్ వచ్చినంకనే. సైలెన్సర్ లోపలి పైపు కూడా ఒక కాడ తుప్పుకు తొర్ర పడ్డది. మీ ఇంట్ల పాత ఆరెక్స్ 100ది అసలు పైపు మూలకు పడి ఉంటే భంగార్‌కు వెయ్యకండి, పత్రిక ఆఫీసుల ఇచ్చి పోండి. పిల్లగాడు పైసలిచ్చి తీస్కుంటనన్నడు. నీళ్ల మోటారు వచ్చే నెల.