జపనీసు ఉన్నత విద్యకు తెలుగు అడ్డు కాదు

విశ్వవిద్యాలయంలో జపనీసు చదువబోయే మన పిల్లలకు కొందరు పెద్దలు ఇచ్చే సలహా ఒకటున్నది: "ఇక తెలుగెందుకు? ఆ సమయమూ ఆంగ్లానికి, జపనీసుకు ఇవ్వు." ఈ సలహా సరియైనది కాదని నా దృఢాభిప్రాయం.

ప్రాథమిక స్థాయిలో పలకరింపులు, అంగడి మాటలు వస్తే చాలును. హైదరాబాదులోని ఇఫ్లూ, ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం వంటి చోట్ల పై తరగతులకు చేరిన విద్యార్థి సంపాదకీయమూ, కథా, వ్యాసమూ చదివి అర్థం చెప్పగలగాలి. జపాను ప్రభుత్వం 2010లో సవరించిన నిత్యవ్యవహార పట్టికలోనే 2,136 కంజి అక్షరాలున్నాయి. వీటికి దగ్గరి దారి లేదు. నిత్యపఠనం, చేతివ్రాత తప్పవు.

అయితే వాక్యం దగ్గర తెలుగు విద్యార్థికి గొప్ప ఆసరా ఉన్నది. "సెన్సేయ్ గ కైత హోన్" అనగా "గురువుగారు వ్రాసిన పుస్తకం". పదాల వరుస మారలేదు. అదే ఆంగ్లంలోనైతే వరుసను తిరగవేయాలి. గౌరవ వాచకాలూ అంతే. పెద్దలు చెబితే "ఒస్షారు", మనం చెబితే "మోసు". మన "సెలవిచ్చుట", "మనవి చేయుట" కూడా ఇదే మర్యాద. కొండకు వాడే ఒకే కంజిని చోటునుబట్టి "యమ" అనీ, "సన్" అనీ చదువుతారు. మొదటిది దేశ్యం, రెండవది చైనా నుండి వచ్చినది. కొండ, పర్వతం అనే రెండు మాటలూ ఎరిగిన వారికి ఇది వింత కాదు. ఈ భాషలు ఒకే కుటుంబానివని నేననడం లేదు. పోలిక నిర్మాణంలో మాత్రమే.

ఇంకొక మెట్టు ఎక్కితే "బుంగో" అనే పాత గ్రాంథికం ఎదురవుతుంది. 1889 నాటి మెయిజీ రాజ్యాంగం అందులో ఉన్నది. 1946 నాటిది వ్యావహారికంలో వెలువడినది. చరిత్ర, న్యాయం పరిశోధించేవారు రెండూ చదువక తప్పదు. గ్రాంథిక వ్యావహారికాల తగవు మనకు కొత్త కాదు. నేటి ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉన్న గిడుగు రామమూర్తిగారు వ్యావహారికం కోసం పోరాడినవారే గదా. కావ్యభాగమూ, వచనమూ బడిలో చదివిన విద్యార్థికి శైలీభేదం ముందే పరిచయం.

కనుక తల్లిదండ్రులారా, మార్కుల కోసం తొమ్మిదవ తరగతిలోనే తెలుగును మాన్పించకండి. జపనీసు బోధించే అధ్యాపకులకూ నాదొక మనవి: అనువాద అభ్యాసాన్ని ఆంగ్లానికే పరిమితం చేయక, వారానికొక పుట తెలుగులోకి చేయించండి. ఆ అభ్యాసమున్న పిల్లలే రేపు జపాను కథను ఆంగ్లం మీదుగా కాక నేరుగా మనకు అందించగలరు.