ఆకాశము ప్రజలది, తీగె యెవరిది?

1995 ఫిబ్రవరి 9వ తేదీన మన సర్వోన్నత న్యాయస్థానము చిరస్మరణీయమైన తీర్పొకటి వెలువరించినది. క్రికెట్టు పందెముల టెలివిజను ప్రసారమును గూర్చి కేంద్ర ప్రభుత్వమునకును బెంగాలు క్రికెట్టు సంఘమునకును పుట్టిన వ్యాజ్యమది. తెలుగువారైన న్యాయమూర్తి జీవన్ రెడ్డిగారు అందు ప్రత్యేకముగా తీర్పు వ్రాసిరి. ఆకాశతరంగములు ప్రజల సొత్తనియు, ప్రభుత్వముగాని ధనికులుగాని వానిని గుత్తగొనరాదనియు, ప్రజల పక్షమున స్వతంత్ర సంస్థయే వాని యజమాయిషీ చూడవలెననియు దాని సారాంశము. 1990లో శాసనమై దుమ్ముపట్టియున్న ప్రసార భారతి చట్టమునకు 1997లో ప్రాణము వచ్చినది.

ఇప్పుడు ప్రసారమే తరంగమును విడిచి ఇంటర్నెట్టు త్రోవ పట్టినది. 1948లో వెలసిన విజయవాడ కేంద్రపు కార్యక్రమములను అమెరికాలోని తెలుగువాడు చేతిఫోనులో వినవచ్చును. 2024 నవంబరులో ప్రసార భారతి వేవ్స్ అను యాప్‌ను నెలకొల్పినది. సంతోషమే.

కాని తరంగమునకున్న ధర్మము తీగెకు లేదు. రేడియో స్తంభమునకు వినువారు పదిమందియైనను పదిలక్షలైనను ఖర్చొకటే. శ్రోత పేరు దానికి తెలియదు. ఇంటర్నెట్టులో ప్రతి శ్రోతకును వేఱుగా పంపవలెను. వినువాడును డేటాకు వెల చెల్లించును; అతడేమి వినెనో, ఎచ్చట విసిగి ఆపెనో యెవరో లెక్క వ్రాసికొందురు. సెల్‌ఫోను ఇంటర్నెట్టులో పెద్దపాలు రెండు సంస్థలది. యూట్యూబులో ఏది ముందు కనబడవలెనో నిర్ణయించునది కాలిఫోర్నియాలోని కంపెనీ. చెఱువు ఊరుమ్మడి, తూము తాళము మాత్రము ఇద్దఱు ముగ్గురిది యన్నట్లున్నది!

మఱియొక వింత. జహీరాబాదు చెంత మాచ్నూరున దళిత స్త్రీలు 2008లో సంఘం రేడియోను ప్రారంభించిరి. అట్టి సామాజిక రేడియోలు ఆకాశవాణి వార్తలను యథాతథముగా వినిపింపవచ్చునేగాని స్వంత వార్తలు చెప్పరాదని నియమము. ఆ వార్తనే ఫోనుపట్టి యూట్యూబులో చదివినచో లైసెన్సు అడుగువాడు లేడు. ఈ వైపరీత్యమునకు మందు ఇంటర్నెట్టుకు కూడ సంకెల వేయుట కాదు. 2023 నవంబరునాటి ప్రసార సేవల బిల్లు ముసాయిదా ఆ త్రోవనే నడచి, దాని సవరణ ప్రతి 2024 ఆగస్టులో వెనుకకు పోయినది. ముందు మాచ్నూరు స్త్రీల నోటికట్టు విప్పుడు. పిదప తూము తాళము పట్టినవారు ఏ లెక్కన నీరు వదలుచున్నారో బహిరంగముగా చెప్పునట్లు శాసింపుడు.

దూరదర్శను 2022 నాటికి తన భూతల అనలాగు ప్రసారములను దాదాపుగా ముగించినది. మీడియం వేవు ప్రసారములను గూడ పాతవని విరమించు ధోరణి ప్రబలుచున్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపై విఱుచుకుపడినప్పుడు కరెంటు పోయినది, సెల్‌ఫోనులు మూగవోయినవి. అట్టి రాత్రి యాప్ ఎందులకు పనికివచ్చును? దూరపు స్తంభము పలికినచో రెండు బ్యాటరీల రేడియోకు వినబడును. మన తీరమునకు వినిపించు మీడియం వేవు స్తంభములను మాత్రము అధికారులు పాత యినుము క్రింద అమ్మకుందురుగాక.