మూడు వారాలకే తీర్పా?

విద్యార్థి ఇంకా రాస్తూ ఉండగానే చేతిలోని కాగితం లాక్కుని, మొదటి పుట మాత్రం చదివి మార్కులు వేసే ఉపాధ్యాయుణ్ణి మీరెక్కడైనా చూశారా? ముప్పై ఏళ్ళకు పైగా ఎర్రసిరా కలం పట్టిన నాకు అటువంటి మహానుభావుడు తారసపడలేదు. కాని జపాను వారి అనిమే ధారావాహికలను వారం వారం చూసి అభిప్రాయాలు ప్రకటించే రసికులలో ఇప్పుడు ఇదే ధర్మంగా చెల్లుబాటవుతున్నది. మొదటి వారం పదికి ఎనిమిది. రెండవ వారం ఆరున్నర. మూడవ వారం నాలుగు, ఆ వెంటనే "డ్రాప్ చేశాను" అనే మరణశాసనం! ఆ అర మార్కు ఎక్కడ తెగిందో, ఎందుకు తెగిందో అడిగితే సమాధానం ఉండదు.

ఈ వయసులో తెలుగు పంతులుకు బొమ్మల కథల గొడవ ఎందుకని మిత్రులు నవ్వవచ్చు. నవ్వండి. మా మనవరాలు చూస్తున్నది, దానితోపాటు నేనూ చూస్తున్నాను. పైగా ఇది సముద్రాల కవతలి ముచ్చటగానే మిగలలేదు. ‘సోలో లెవలింగ్’ వంటివి తెలుగు మాటలతో వచ్చాయి. 2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్’ చిత్రం మన సినిమాహాళ్ళలో తెలుగులోనే ఆడింది. చూసేవారు పెరిగారు, వారితోపాటు తీర్పరులూ పెరిగారు.

తెలియనివారి కోసం రెండు మాటలు. జపాను టీవీలో ఈ కథలకు ఏడాదికి నాలుగు ఋతువులు. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలలలో కొత్తవి మొదలవుతాయి. వారానికొక భాగం, భాగానికి ఇరవై పైచిలుకు నిమిషాలు. పన్నెండో పదమూడో భాగాలతో ఒక విడత పూర్తవుతుంది. ఆ విడతను అక్కడివారు ‘కూరు’ అంటారు (మన కూరతో చుట్టరికం లేదు). ఒక్కో ఋతువులో పదుల కొద్దీ కథలు ఒకేసారి వచ్చి పడతాయి కనుక, మూడు భాగాలు చూసి ఉంచుకోవడమో వదిలివేయడమో తేల్చుకోవాలని ప్రేక్షకులు ఒక కట్టుబాటు చేసుకున్నారు. ఎవరి కాలక్షేపానికి వారు చేసుకున్న ఏర్పాటుగా అది ఉన్నంతవరకు నాకు పేచీ లేదు. అదే కట్టుబాటు విమర్శ పీఠమెక్కి కూర్చుంటేనే పేచీ.

వారం వారం మాట్లాడుకోవడాన్ని నేను తప్పుపడుతున్నానని అనుకోవద్దు. వారం వారం పుట్టే కథను వారం వారం తలచుకోవడంలో ఒక సొగసు ఉన్నది. అష్టావధానం చూసినవారికి ఇది చెప్పనక్కరలేదు. సమస్యకో దత్తపదికో అవధాని ఒక ఆవృత్తిలో ఒక పాదమే చెబుతాడు. పాదం బాగుంటే సభ భళా అంటుంది, నిషేధం తప్పితే పృచ్ఛకుడు పట్టుకుంటాడు, అప్రస్తుత ప్రసంగి మధ్యలో అడ్డుపుల్లలు వేస్తాడు. సభంతా మాట్లాడుతూనే ఉంటుంది. అయినా మొదటి పాదం వినగానే "ఈ పద్యానికి పదికి నాలుగు" అని లేచిపోయిన పృచ్ఛకుణ్ణి నేను చూడలేదు. నాలుగు పాదాలూ నిండాలి, ధారణ కావాలి. అంతవరకు సభ చేసేది ఆస్వాదన, అనుమానం, ఎదురుచూపు. వారం వారం అభిప్రాయం రాసేవారు సభలోని రసికులుగా ఉండవలసింది పోయి, మొదటి పాదానికే లేచిపోయే పృచ్ఛకులవుతున్నారు.

తొందర తీర్పుల చరిత్ర ఎటువంటిదో చూడండి. ‘యమాతో’ అనే అంతరిక్ష యుద్ధనౌక కథ 1974 అక్టోబరులో మొదలైంది. అదే ఆదివారం సాయంకాలం, అదే వేళకు, మరొక చానెల్‌లో తకహత ఇసావో దర్శకత్వం వహించిన ‘హైదీ’ వస్తున్నది. ఇంటిల్లిపాదీ హైదీ వైపు కూర్చున్నారు. వారాల లెక్కలు చూసిన పెద్దలు యమాతోను కుదించి 26 భాగాలతో 1975 మార్చిలో ముగించారు. అదే కథను 1977లో చలనచిత్రంగా కూర్చి విడుదల చేస్తే కుర్రకారు థియేటర్ల ముందు బారులు తీరారు. మరి రెండేళ్ళకు, 1979 ఏప్రిల్‌లో, తొమినో యోషియుకి ‘గుండామ్’ వచ్చింది. 52 భాగాలు అనుకున్నది, చూసేవారు చాలలేదని 43 భాగాలకే కత్తిరించి 1980 జనవరిలో ఆపించారు. పునఃప్రసారాలలో అది పుంజుకున్నది. 1981, 1982 సంవత్సరాలలో మూడు చిత్రాలుగా వచ్చింది. ఇప్పటికీ ఆ పేరుతో కొత్త కథలు పుడుతూనే ఉన్నాయి. వారం వారం అంకెలు చూసి గొంతు నులిమినవారు నాడు టీవీ అధికారులు, స్పాన్సర్లు. వారికి కనీసం డబ్బు పోతుందన్న భయం ఉన్నది. నేటి తీర్పరికి ఏ భయం? అతని జేబులోంచి పైసా పోదు గదా!

మూడు వారాల కట్టుబాటును సమర్థించేవారు తరచుగా ‘మదోకా మాజికా’ను సాక్ష్యం పిలుస్తారు. 2011 జనవరిలో మొదలైన ఈ కథ రెండు భాగాలపాటు ముద్దులొలికే మంత్రకన్యల వ్యవహారంలా నడిచి, మూడవ భాగం చివర ఒక్క దెబ్బతో స్వరూపం మార్చుకుంటుంది. "చూశారా, మూడు భాగాలు చూడాలి, మూడు చాలు" అంటారు. అయ్యా, సాక్షి మీకు వ్యతిరేకంగా చెబుతున్నాడు! ఆ కథకు అసలు కీలు మూడవ భాగంలో లేదు, పదవ భాగంలో ఉన్నది. అంతదాకా ముభావంగా, పగదానిలా కనిపించిన పిల్ల ఎవరో, ఎన్ని మార్లు ఎంత దుఃఖం మోసి వచ్చిందో అక్కడ తెలుస్తుంది. తెలిసిన క్షణాన మొదటి భాగంలోని మొదటి చూపు కూడా అర్థం మార్చుకుంటుంది. మొదటి భాగానికి ఆనాడు ఏడు మార్కులు వేసినవాడు దేనికి వేసినట్టు? ఆ పదవ భాగం ఒసాకా వైపు ప్రసారమైన కొన్ని గంటలకే, 2011 మార్చి 11న, ఈశాన్య జపానును భూకంపమూ సునామీ ముంచెత్తాయి. ప్రసారం నిలిచిపోయింది. చివరి రెండు భాగాలు ఏప్రిల్ 21 రాత్రికి గాని రాలేదు. ఆ ఆరు వారాలూ ప్రేక్షకులు ముగింపు లేని కథను మనసులో పెట్టుకుని బతికారు.

ఇక ‘హరుహి సుజుమియా’ సంగతి. 2009లో క్యోటో యానిమేషన్ వారు దీని కొత్త భాగాలు 14 తీశారు. అందులో ఎనిమిది, వరుసగా ఎనిమిది వారాలు, ఒకటే కథ! వేసవి సెలవుల చివరి రెండు వారాలు మళ్ళీ మళ్ళీ తిరిగి మొదలవుతుంటాయి. ఈత కొలను, పండుగ సంత, బాణసంచా, పురుగుల వేట, మళ్ళీ ఈత కొలను. పాత బొమ్మలే తిప్పి వేశారనుకునేరు. కాదు, ప్రతి వారమూ కొత్తగా గీశారు. బట్టలు మారాయి, చూసే కోణాలు మారాయి, నటులు అవే మాటలను మళ్ళీ పలికారు. నాలుగవ వారానికి ప్రేక్షకులు భగ్గుమన్నారు. మార్కులు పాతాళానికి పోయాయి. నాకూ విసుగు పుట్టింది, దాచను. కాని ఆ కథలో నాగతో యుకి అనే పిల్ల ఒక్కతే ఉన్నది, జరిగినదంతా గుర్తున్నది. రెండు వారాల ఆ చక్రం 15,532 మార్లు తిరిగిందట. లెక్కవేస్తే ఆరు వందల ఏళ్ళకు కొంచెం తక్కువ. ఆ పిల్ల ఎక్కడా నోరు విప్పి వాపోదు. 2010 ఫిబ్రవరిలో వచ్చిన చిత్రంలో ఆమె చేసిన పని ఏమిటో చూసినవారికి తెలుసు. ఎనిమిది వారాలకే మనకు ఒళ్ళు మండిపోయింది, ఆమెకెంత పుండైపోయి ఉండాలి! ఆ ఎనిమిది వారాల విసుగు లేనిదే ఆ చిత్రం సగమే అందుతుంది. ఇప్పుడు తీరికగా ఒకే పూట కూర్చుని, మధ్యవి దాటవేసి చూసేవారికి ఈ అనుభవం దక్కదు. నాడు నాలుగవ వారంలో లేచిపోయినవారికీ దక్కలేదు. ఆ ప్రయోగం నూటికి నూరుపాళ్ళు సఫలమైందని నేను అనను. ఐదు భాగాలతో సరిపెట్టి ఉండవచ్చు. ఆ మాట అనడానికి ఎనిమిదీ చూడవలసి వచ్చింది.

మరొక దురాచారం ఉన్నది. ఒక వారం బొమ్మలు కొంచెం పలచబడితే "సోమరితనం" అని రాస్తారు. వారానికొక భాగం అనే ఈ కాడిని మొదట మెడకెత్తుకున్నది తెజుకా ఒసాము, ‘తెత్సువాన్ అతోము’తో, 1963 జనవరి 1న. అప్పటినుంచే బొమ్మలు తగ్గించడం, గీసినవి తిరిగి వాడడం, ముఖం కదలకుండా నోరు మాత్రం కదపడం వంటి ఉపాయాలు పుట్టాయి. కాలం చాలక పుట్టిన ఉపాయాలవి. నేటికీ మధ్యబొమ్మలు గీసే కుర్రవాళ్ళలో పెక్కుమందికి బొమ్మకింత అని కూలి. 2014, 2015 సంవత్సరాలలో వచ్చిన ‘షిరోబాకో’ 24 భాగాలు చూడండి. ఒక్క భాగం ప్రసార సమయానికి అందాలంటే ఎంతమంది నిద్రలు కాచాలో అక్కడే కనిపిస్తుంది. తడబడిన చోట తడబడిందని చెప్పవలసిందే, విమర్శకు అది విధి. చేతిపని చెడినప్పుడు చేతులను తిట్టడం విధి కాదు.

"జీవితం చిన్నది, కథలు కొల్లలు, అన్నీ చివరిదాకా చూడమంటారా పంతులుగారూ?" అని అడుగుతారు. చూడవద్దు! నచ్చనిది ఏ వారం వదిలినా అడిగేవాడు లేడు. నేనూ ఎన్నో వదిలివేశాను. వదిలినవాడు వదిలినట్టు ఊరుకోవాలి. చూడని తొమ్మిది భాగాల మీద కూడా తీర్పు చెప్పే అధికారం మూడు భాగాలతో రాదు. "మూడవ వారం దాకా చూశాను, ఇంతవరకు నన్ను పట్టలేదు, ఇందుకు" అని కారణం చెబితే చాలు, అది మర్యాదగల మాట.

అంకెలు వేయకపోతే మరేమి రాయాలంటారా? ఒక్క ఉదాహరణ చెబుతాను. ‘ఫ్రీరెన్’ను నిప్పోన్ టీవీ వారు 2023 సెప్టెంబరు 29న మొదటి నాలుగు భాగాలు కలిపి ఒకే రాత్రి ప్రసారం చేశారు. ఎందుకు చేసినా, మూడు వారాల కత్తి ఆ కథ మెడ మీద పడకుండా పోయింది. మహాకావ్యాలు ముగిసేచోట ఇది మొదలవుతుంది. రాక్షసరాజును చంపి వీరులు నలుగురూ ఊరు చేరారు. అందులో ఫ్రీరెన్ దీర్ఘాయువు గల జాతిది. ఆమెకు ఆ పదేళ్ళ ప్రయాణం ఆయుర్దాయంలో నూరవ వంతైనా కాదు. యాభై ఏళ్ళకొకసారి రాలే ఉల్కలను ఈసారి ఇంకా మంచి చోటి నుంచి చూపిస్తానని చెప్పి వెళ్ళి, యాభై ఏళ్ళకు నిజంగానే తిరిగి వస్తుంది. నాయకుడు హిమ్మెల్ ముసలివాడై ఉంటాడు. ఉల్కలు చూస్తారు. కొద్దికాలానికే అతను పోతాడు. అంత్యక్రియల వేళ ఆమె ఏడుస్తుంది, అతణ్ణి తెలుసుకోవడానికి ప్రయత్నమైనా చేయలేదే అని.

మా మనవరాలు మార్కులు వేయకుండా నాకు ఒక ప్రశ్న పంపింది: "తాతయ్యా, ఆవిడ యాభై ఏళ్ళు ఎక్కడికి వెళ్ళింది?" కథ ఆ ప్రశ్నను అప్పుడు పట్టించుకోలేదు. మేము 2024 మార్చి దాకా, 28 భాగాలూ, ఆ ప్రశ్న పెట్టుకునే చూశాము. ఏ ఊళ్ళో హిమ్మెల్ విగ్రహం కనబడినా, ఏ పనికిమాలిన చిన్న మంత్రం ఆమె నేర్చుకున్నా, శనివారం ఫోనులో అదే చర్చ.