పిల్లల ఎత్తు కొలవకుండా ఎక్కించవద్దు

శివరాత్రి మొదలు వేసవి చివరిదాకా మన పల్లెల్లో తిరునాళ్ళే తిరునాళ్ళు. గుడి ముందు ప్రభలు, గుడి వెనుక బీడులో జెయింట్ వీలు, కొలంబస్ ఓడ, బ్రేక్ డ్యాన్స్. దేవుడి దర్శనం అయ్యేదాకా పిల్లలు ఆగరు. వాళ్ళను తప్పుపట్టి లాభం లేదు. తప్పు పట్టవలసింది పెద్దలను. వారిలో నేనూ ఒకడిని.

నిరుడు పక్క ఊరి తిరునాళ్ళలో ఓడ దగ్గర ఒక కర్ర పాతారు. కర్రకు ఎర్ర గీత. గీత కన్నా పొట్టి పిల్లలు ఎక్కరాదని అట్ట మీద రాసి కట్టారు. ఏడేళ్ళ మా మేనల్లుడు గీతకు నాలుగు వేళ్ళు తక్కువ. టిక్కెట్లు చించే కుర్రవాడు వద్దన్నాడు. నేను విలేకరినని చెప్పాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. కుర్రవాడు పక్కకు తప్పుకున్నాడు.

ఓడ ఊపందుకున్నాక చూస్తే, ఇనుప కడ్డీ నా తొడల మీద బిగిసి ఉంది. పిల్లవాడికీ ఆ కడ్డీకీ మధ్య నా చెయ్యి దూరేంత సందు. ఓడ కిందికి వాలినప్పుడల్లా వాడు సీటు మీద నుంచి లేస్తున్నాడు. చొక్కా కాలరు గట్టిగా పట్టుకున్నాను. ఆపండని అరిచినా ఆ మైకుల హోరులో వినేదెవరు? దిగాక వాడు నవ్వుతూనే ఉన్నాడు. నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

ఎత్తు నియమం పిల్లల ధైర్యానికి పెట్టిన పరీక్ష కాదు. ఇద్దరికీ కడ్డీ ఒకటే గనుక అది పెద్దవాడి తొడల దగ్గరే ఆగిపోతుంది. పొట్టి పిల్లవాడి కాళ్ళు కింద పలకకు ఆనవు, తన్నిపెట్టుకుని కూర్చోలేడు. భుజాల మీదుగా దిగే కడ్డీ అయితే వాడి భుజాలకే అందదు. ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే సరిపోతుంది కదా అంటారు కొందరు. ఆ ఊపులో చేతుల పట్టు ఎంతసేపు నిలుస్తుంది? వేగం ఎక్కువగా ఉన్న ఆటలకు చాలా చోట్ల 4 అడుగులు, అంటే సుమారు 122 సెంటీమీటర్లు, హద్దుగా పెట్టేది ఇందుకే.

వయసు అడిగితే చాలదా అంటే, మన సంగతి మనకు తెలియనిది కాదు. ఆర్టీసీ బస్సులో 5 ఏళ్ళు నిండితే అర టిక్కెట్టు గనుక ఆరేళ్ళ వాడిని నాలుగేళ్ళ వాడంటాం. అదే పిల్లవాడిని సాయంత్రం తిరునాళ్ళలో మునివేళ్ళ మీద నిలబెట్టి పెద్దవాడంటాం. హైదరాబాదులో పెద్ద పార్కుకు వెళ్ళినప్పుడు కొలిచి వద్దంటే మారు మాట లేకుండా పక్కకు వస్తాం. ఊళ్ళో మాత్రం మన మాటే చెల్లాలి.

2019 జూలైలో అహ్మదాబాదులో ఊగే యంత్రం విరిగి ఇద్దరు చనిపోయారు. ఇనుము విరిగితే ఎక్కినవాడు చేయగలిగింది లేదు. కొలత సంగతి అలా కాదు. అమెరికాలోని ఓర్లాండోలో 2022 మార్చి 24న 430 అడుగుల స్తంభం మీద నుంచి జారే సీటులో కూర్చున్న 14 ఏళ్ళ బాలుడు సీటులోంచి పడి మరణించాడు. అక్కడ తప్పిన కొలత ఎత్తు కాదు, బరువు. యంత్రం తయారు చేసినవారు సుమారు 130 కిలోలు హద్దని పుస్తకంలో రాశారు. బాలుడి బరువు అంతకు చాలా ఎక్కువ. ఎక్కించే ముందు తూచిన వారు లేరు. 2023లో ఆ రాష్ట్రం చట్టాన్ని కఠినం చేసింది. పుస్తకంలో ఉన్న హద్దు ఆ బాలుడికి అక్కరకు రాలేదు.

మన దగ్గర అట్ట కట్టే కంట్రాక్టర్లే తక్కువ. కట్టినా, దాని పక్కన నిలబడేది ఎక్కడి నుంచో పొట్ట చేతబట్టుకుని వచ్చిన కూలి కుర్రవాడు. ఊరి పెద్ద కళ్ళెర్రజేస్తే వాడు ఏం చేయగలడు? జనం ఎక్కువైన రాత్రి కంట్రాక్టరే ఎక్కించెయ్యమంటాడు.

కనుక పంచాయతీ వారు స్థలానికి పాట పెట్టేనాడే ఈ షరతు రాయించుకోవాలి. ప్రతి ఆట దగ్గర గీత ఉన్న కర్ర, తెలుగులో బోర్డు, పొట్టి పిల్లలకు విడిగా నేల మీద తిరిగే చిన్న రంగులరాట్నం ఉండాలి. షరతు తప్పితే ఆ రాత్రికి ఆట కట్టు. పోలీసు అధికారులు బందోబస్తుకు వచ్చిన హోంగార్డులలో ఒక్కరిని ఆ కర్ర పక్కన నిలబెట్టాలి. అప్పుడు సర్పంచి గారి మనవడైనా, విలేకరి మేనల్లుడైనా వరుసలో నుంచి పక్కకు రావలసిందే.