విద్యార్థి క్రైస్తవోద్యమం: చరిత్ర, పరమార్థం

తల్లిదండ్రుల నుండి వారసత్వంగా లభించిన విశ్వాసం కళాశాలలో అడుగిడిన నాడు మొదటిసారి పరీక్షకు నిలుస్తుంది. విజ్ఞానశాస్త్రం ఒకవైపు, అన్యమతస్థులైన సహాధ్యాయుల స్నేహం మరొకవైపు, భవిష్యత్తును గూర్చిన చింత ఇంకొకవైపు యువ హృదయాన్ని లాగుతుంటాయి. కొందరు ఆ విశ్వాసాన్ని పాతబట్టవలె విడిచిపెడతారు. కొందరు ప్రశ్నించుటకే భయపడి పెట్టెలో దాచుకొంటారు. ఈ రెండూ కాక మూడవ మార్గం ఒకటున్నది. విశ్వాసాన్ని చదువుతోపాటు పరిశీలించుట, సేవలో నిరూపించుకొనుట. క్రైస్తవ సమాజంలో ఆ మార్గానికి విద్యార్థులు స్వయంగా వేసుకొన్న బాటకే విద్యార్థి పరిచర్య అని పేరు.

ఉర్దూ, తెలుగు భాషలు రెండూ వికసించే ఈ అల్పసంఖ్యాక కళాశాల సంచికలో ఈ విషయం ఎందుకని పాఠకులకు సందేహం కలుగవచ్చును. అది మనకెంత సమీపమైన విషయమో చరిత్రను పరికించిన పిమ్మట తెలియగలదు.

ఈ ఉద్యమాన్ని మతాధికారులు ఆజ్ఞాపించి పుట్టించలేదు. 1806లో అమెరికాలోని విలియమ్స్ కళాశాల విద్యార్థులు ఐదుగురు ఆరుబయట ప్రార్థనకు కూడగా గాలివాన వచ్చినది. వారు ఒక గడ్డివామి చాటున చేరి, దూరదేశాలకు సువార్త తీసుకొనిపోవలెనని సంకల్పించుకొన్నారు. ఆ సంకల్పమే 1810లో అమెరికన్ బోర్డు అనే మిషనరీ సంస్థకు మూలమైనది. 1844లో లండన్ నగరంలో బట్టల దుకాణంలో పనిచేసే జార్జి విలియమ్స్ అనే యువకుడు తన తోటివారితో కలిసి వై.ఎం.సి.ఎ.ను స్థాపించాడు. 1877లో కేంబ్రిడ్జి కళాశాలల విద్యార్థులు తమ క్రైస్తవ సంఘాలను ఒక్కటిగా కూర్చుకొన్నారు. 1895లో స్వీడన్ దేశంలోని వాడ్‌స్టెనా కోటలో వివిధ దేశాల ప్రతినిధులు సమావేశమై ప్రపంచ విద్యార్థి క్రైస్తవ సమాఖ్యను నెలకొల్పారు. దాని ప్రథమ కార్యదర్శి జాన్ ఆర్. మాట్, కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థిగా ఈ ఉద్యమంలో ప్రవేశించినవాడే. ఆయనకు 1946లో నోబెల్ శాంతి బహుమతి లభించినది.

మన దేశానికి ఈ ప్రవాహం అంతకు పూర్వమే చేరినది. కేంబ్రిడ్జిలో గణితశాస్త్రంలో 1801లో సర్వప్రథముడుగా ఉత్తీర్ణుడైన హెన్రీ మార్టిన్, అక్కడ విద్యార్థులకు ఆధ్యాత్మిక గురువై నిలిచిన చార్లెస్ సిమియన్ శిష్యుడు. 1806లో కలకత్తా చేరి, మిర్జా ఫిత్రత్ అనే పండితుని సహాయంతో క్రొత్త నిబంధనను ఉర్దూలోనికి తెచ్చాడు. 1812లో, ముప్పది ఒకటవ ఏట, టర్కీలోని తోకాట్ పట్టణంలో మరణించాడు. ఆయన అనువాదం 1814లో వెలువడినది. ఒక క్రైస్తవ పట్టభద్రుడు, ఒక ముస్లిం పండితుడు ఒకే బల్ల వద్ద కూర్చుండి ఒక్కొక్క మాటను తూచి నిర్ణయించిన కృషి అది. ఉర్దూ వచన చరిత్రలో దానికొక స్థానమున్నది.

తెలుగునాట బందరులో 1843లో రాబర్ట్ నోబుల్ పాఠశాలను స్థాపించాడు. ఆయన కూడా కేంబ్రిడ్జి పట్టభద్రుడే. అక్కడి విద్యార్థులు కొందరు క్రైస్తవం స్వీకరించినప్పుడు పట్టణంలో అలజడి రేగినది. ఆ పాఠశాలయే తరువాత నోబుల్ కళాశాలయై ఆంధ్రదేశానికి అనేక ప్రజ్ఞావంతులను ప్రసాదించినది. మదరాసు క్రైస్తవ కళాశాలలో విలియం మిల్లర్ శిష్యుడైన రఘుపతి వెంకటరత్నం నాయుడు నోబుల్ కళాశాలలోనే ఆంగ్లోపన్యాసకుడుగా పనిచేశారు. ఆయన క్రైస్తవుడు కాలేదు. బ్రహ్మసమాజికుడై, సంఘసంస్కర్తయై, తరువాత మదరాసు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులైనారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ చరిత్ర మరింత ఆసక్తికరం. వేలూరులోను, మదరాసులోను క్రైస్తవ కళాశాలలలో చదువుకొన్న ఆయన, హిందూ ధర్మంపై తన గురువులు చేసిన విమర్శకు నొచ్చుకొని, ఆ నొప్పితోనే వేదాంతాన్ని లోతుగా అధ్యయనం చేశారు. వేదాంత నీతిపై 1908లో ఆయన వ్రాసిన సిద్ధాంత వ్యాసాన్ని ప్రశంసించిన ఆచార్యుడు ఎ.జి. హాగ్ క్రైస్తవ మిషనరీయే. శిష్యుడు తనకు వ్యతిరేకమైన నిర్ణయానికి వచ్చినప్పటికీ అతని ప్రతిభను మెచ్చుకొన్న గురువు తన విశ్వాసాన్ని పోగొట్టుకొనలేదు. దాని ఔన్నత్యాన్నే చాటుకొన్నాడు.

ఈ ఉద్యమం పరదేశీయులదే అనుకొనుట పొరపాటు. తిరునెల్వేలి ప్రాంతంలో 1874లో జన్మించిన వి.ఎస్. అజరయ్య 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శియై విద్యార్థుల మధ్య సంవత్సరాల తరబడి పనిచేశారు. 1910లో ఎడింబరో నగరంలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన చేసిన ప్రసంగం చిరస్మరణీయమైనది. మిషనరీలు త్యాగాలు చేశారనీ, ధనమిచ్చారనీ, అయితే భారతీయులతో సమానులుగా స్నేహం చేయుట మాత్రం మరచిపోయారనీ, తాము కోరుచున్నది ఆ స్నేహమేననీ ఆయన నిర్భయంగా పలికారు. సామ్రాజ్యం మధ్యాహ్న సూర్యునివలె వెలుగుచున్న దినాలవి. 1912లో ఆయన దోర్నకల్ పీఠానికి బిషప్ అయినారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి నధిష్ఠించిన మొదటి భారతీయుడు ఆయనే. నిజాం రాజ్యంలోని ఆ చిన్న ఊరిలో 1939లో ప్రతిష్ఠించబడిన దేవాలయంలో మసీదు గుమ్మటాల పోలికలు, హిందూ ఆలయ స్తంభాల పోలికలు కలిసి కన్పడతాయి. ఎడింబరోలో స్నేహమును కోరిన మనిషి దానిని దోర్నకల్‌లో రాతిలో చూపించాడు.

అదే 1912లో మన దేశపు విద్యార్థి క్రైస్తవోద్యమం, అనగా స్టూడెంట్ క్రిస్టియన్ మూవ్‌మెంట్, రూపుదిద్దుకొన్నది. దేశ సమస్యలను, సామాజిక న్యాయాన్ని విశ్వాసం వెలుగులో చర్చించుట దాని ముఖ్య లక్షణమైనది. ఎం.ఎం. థామస్ వంటి మేధావి ఈ ప్రపంచ విద్యార్థి సమాఖ్యలో పనిచేసి, 1975లో అత్యవసర పరిస్థితి విధించబడినప్పుడు దానిని విమర్శిస్తూ వ్రాశారు. 1990లో నాగాలాండ్ గవర్నరు అయినారు. అయితే ఈ చర్చలలో బైబిలు అధ్యయనం, వ్యక్తిగత భక్తి వెనుకబడుచున్నవని భావించినవారు వేరొక శాఖగా ఏర్పడ్డారు. ఇంగ్లండులో ఈ భేదం 1910లోనే కన్పించినది. ఆ సంవత్సరమే కేంబ్రిడ్జి సంఘం మాతృసంస్థ నుండి విడిపోయినది. మన దేశంలో 1954లో ఏర్పడిన యు.ఇ.ఎస్.ఐ. ఈ రెండవ శాఖకు చెందినది. మన రాష్ట్రాల కళాశాలలలో ప్రార్థనా బృందాలు, బైబిలు అధ్యయన బృందాలు దానివలన విస్తరించినవి. ఒక శాఖ సమాజాన్ని చూచి ఆత్మను మరచెనని ఒకరు, రెండవది ఆత్మను చూచి సమాజాన్ని మరచెనని మరొకరు నిందించుకొనుట సామాన్యమైనది. మన విద్యార్థి సంఘాలలో కూడ ఇటువంటి వివాదాలు లేకపోలేదు. ఒకటి వేరు, రెండవది ఫలం. వేరు లేని చెట్టు ఎండుతుంది. ఫలించని చెట్టు నీడకు తప్ప దేనికీ అక్కరకు రాదు.

ఈ ఉద్యమం చేసిన పనులలో నాకు మిక్కిలి గౌరవం కలిగించునది 1920లో జరిగినది. మొదటి ప్రపంచ యుద్ధానంతరం వియన్నా నగరంలో విద్యార్థులు ఆకలితో, చలితో అలమటించుట చూచి సమాఖ్య కార్యకర్త రూత్ రౌజ్ లోకానికి విన్నపం చేసినది. యుద్ధంలో శత్రువులుగా నిలిచిన దేశాల విద్యార్థులు ఒకరికొకరు అన్నవస్త్రాలు పంపుకొన్నారు. జాతి, మత భేదం చూడకుండ సహాయం జరిగినది. ఆ ఐరోపా విద్యార్థి సహాయ సంస్థయే క్రమంగా వరల్డ్ యూనివర్సిటీ సర్వీసుగా పరిణమించినది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఆ పేరుతో ఉన్న ఆరోగ్య కేంద్రంలో వైద్యం పొందిన విద్యార్థులలో ఎందరికి ఈ మూలం తెలియునో! తెలియకపోయినను చింతలేదు. మంచి సేవకు నామఫలకం అవసరం లేదు.

దోషాలు లేవని నేను చెప్పుట లేదు. 1922లో ఈ సమాఖ్య పెకింగ్ నగరంలో మహాసభ జరిపినప్పుడు చైనా విద్యార్థులు తీవ్రంగా ప్రతిఘటించారు. క్రైస్తవం పాశ్చాత్య అధికారానికి తోడుగా వచ్చినదని వారి ఆరోపణ. ఆ ఆరోపణ పూర్తిగా నిరాధారం కాదు. ఆనాటి మిషనరీ రచనలలో ప్రపంచాన్ని జయించుట వంటి యుద్ధభాష విరివిగా కన్పడుతుంది. పరమతస్థుని సహోదరునిగా గాక సంఖ్యగా చూచిన చోట పరిచర్య తన పేరుకు తానే ద్రోహం చేసినది. బహుమతి చూపి, భయము చూపి, ఒంటరితనాన్ని ఆసరా చేసుకొని విద్యార్థి మనస్సును త్రిప్పుట ఏ మతానికైనను కీర్తి కాదు.

ఈ లోపాన్ని గుర్తించి మారిన సంస్థకు నిదర్శనం మన హైదరాబాదులోనే ఉన్నది. హెన్రీ మార్టిన్ పేరిట 1930లో లాహోరులో ప్రారంభమైన విద్యాలయం ఇస్లాంను గూర్చి మిషనరీలకు శిక్షణ ఇచ్చుటకు ఏర్పడినది. అది పలు నగరాలు మారి 1970ల ఆరంభంలో హైదరాబాదు చేరినది. కాలక్రమంలో దాని ధ్యేయం మతాల మధ్య అవగాహన, సమాధానం అయినది. ముస్లింలకు బోధించుటకై పుట్టిన సంస్థ ముస్లింలతో కలిసి పనిచేయు సంస్థ అయినది. ఇంతకంటె గొప్ప పరిణామం ఏమి కావలెను?

కనుక విద్యార్థి పరిచర్య పరమార్థం మూడు మాటలలో చెప్పవచ్చును: అధ్యయనం, స్నేహం, సేవ. తన గ్రంథాన్ని తెలివితో చదువుకొనుట, ఇతరుని గౌరవంతో వినుట, ఎవరని అడుగకుండ సహాయపడుట. ఈ మూడింటిలో ఏది లోపించినను మిగిలినది సంఘం కావచ్చును, పరిచర్య కాదు.

ఇక మన కర్తవ్యం. రాజ్యాంగం 30వ అధికరణం మనకు విద్యాసంస్థలను స్థాపించుకొని నిర్వహించుకొనే హక్కు నిచ్చినది. ఆ హక్కుపై నిలిచియున్న మనకు ఒక ప్రశ్న ఎదురవుతుంది. మన కళాశాలలో మనకంటె తక్కువ సంఖ్యలో ఉన్న క్రైస్తవ విద్యార్థినీ విద్యార్థుల మాట ఏమి? వారానికి ఒక గంట, తరగతులు ముగిసిన పిమ్మట, ఖాళీగా ఉన్న గదిలో కూర్చుండి తమ గ్రంథం చదువుకొనుటకు వారు అనుమతి కోరినచో మన సమాధానం ఎట్లుండవలెను?

ఈ సంస్థ మన సమాజం కొరకు స్థాపించబడినదని కొందరనవచ్చును. నిజమే. కాని దేశంలో అధిక సంఖ్యాకులు మనతో ఇదే మాట అన్నప్పుడు మన మనస్సు ఎంత నొచ్చుకొన్నదో జ్ఞాపకముంచుకొనవలెను. గది ఇచ్చినచో మతప్రచారం మొదలగునని మరికొందరి భయం. ఆ భయానికి రాజ్యాంగమే హద్దు చూపినది. ప్రభుత్వ గుర్తింపు లేదా ఆర్థిక సహాయం గల విద్యాసంస్థలో ఎవరినీ వారి సమ్మతి లేకుండ మతబోధకు గాని, ఆరాధనకు గాని హాజరు కావలెనని నిర్బంధించరాదని 28వ అధికరణం చెప్పుచున్నది. తలుపు తెరచియుండవలెను, ఎవరినీ నిర్బంధించరాదు, ఎవరికీ ఆశ చూపరాదు. ఈ నియమాలను విద్యార్థులే వ్రాసి సంతకం చేసి ఇచ్చునట్లు పాలకవర్గం వారు ఏర్పాటు చేయవచ్చును. అవే నియమాలు మన సంఘాలకూ వర్తించవలెను.

ఇస్లామీయ చరిత్రయే మనకు మార్గం చూపుచున్నది. మక్కాలో హింసకు గురియైన తొలి ముస్లింలకు ఆశ్రయమిచ్చినవాడు అబిసీనియా క్రైస్తవ రాజు నజాషీ. నజ్రాన్ నుండి మదీనా వచ్చిన క్రైస్తవ ప్రతినిధులు ప్రార్థనా సమయం కాగా ప్రవక్తగారి మసీదులోనే తమ ఆరాధన జరుపుకొన్నారని తొలి జీవిత చరిత్రకారుడు ఇబ్న్ ఇస్‌హాఖ్ సంప్రదాయం. మసీదులో చోటు దొరికినవారికి మన తరగతి గదిలో చోటు దొరకదా?

పాలకవర్గం పెద్దలకు నా మనవి ఒక్కటే. ఆ గదిని ఇవ్వండి. గ్రంథాలయంలో ఖురాన్ వ్యాఖ్యానాల ప్రక్కన బైబిలును, గీతను కూడ ఉంచండి. క్రైస్తవ విద్యార్థులారా, అజరయ్య కోరిన స్నేహాన్ని ముందు మీరు ఇవ్వండి. ముస్లిం, హిందూ విద్యార్థులారా, వారి గది ముందు నుండి వెళ్లునప్పుడు అనుమానంతో గాక, సహాధ్యాయుల విశ్వాసాన్ని తెలుసుకొనవలెనన్న జిజ్ఞాసతో చూడండి. తమకంటె చిన్నవారికి చోటిచ్చిన సమాజమే తమకు చోటు కావలెనని న్యాయంగా అడుగగలదు.