పేరు పెట్టుకుంటే పూచీ పడాల్సిందే

1975లో ‘ఫిజికల్ రివ్యూ లెటర్స్’ పత్రికలో హీలియం-3 మీద ఒక పరిశోధన పత్రం అచ్చయింది. రచయితలు ఇద్దరు: మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ భౌతికశాస్త్రవేత్త జాక్ హెదరింగ్టన్, ఎఫ్.డి.సి. విల్లర్డ్. ఆ రెండో పేరు హెదరింగ్టన్ పెంచుకున్న సయామీ పిల్లి చెస్టర్‌ది! పత్రమంతా ‘మేము’ అని టైపు కొట్టాక, రచయిత ఒక్కరే అయితే పత్రిక ఆ మాట ఒప్పుకోదని సహోద్యోగి చెప్పాడు. మళ్లీ మొదటి నుంచీ టైపు కొట్టలేక ఆయన పిల్లిని జత చేసుకున్నాడు. తర్వాత కొందరు మిత్రులకిచ్చిన ప్రతుల మీద చెస్టర్ పంజా ముద్ర కూడా వేయించాడు.

ఆ పిల్లి ఎవరి పొట్టా కొట్టలేదు. మన వైద్య కళాశాలల్లో ఊరికే ఎక్కే పేర్లు కొడుతున్నాయి. పీజీ విద్యార్థి కేస్ షీట్లు తిరగేసి, రాత్రిళ్లు ఎక్సెల్‌లో అంకెలు నింపి థీసిస్ రాస్తాడు. అది పత్రంగా మారేసరికి, ఒక్క షీటూ తెరవని హెచ్‌వోడీ సార్ పేరు ముందుకొచ్చి కూర్చుంటుంది. విద్యార్థి నోరెత్తడు. పరీక్ష గట్టెక్కాలి కదా.

దీనికి గురుభక్తి అని పేరు పెట్టడం అన్యాయం.

నియమాలు లేవా అంటే, ఉన్నాయి. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ నాలుగు షరతులు పెట్టింది: అధ్యయన రూపకల్పనలోనో, సమాచార సేకరణ, విశ్లేషణల్లోనో చెప్పుకోదగ్గ పాత్ర, రాయడంలోనో, విషయాన్ని తరచి దిద్దడంలోనో భాగం, తుది ప్రతికి ఆమోదం, పత్రం మొత్తానికి జవాబుదారీ. నాలుగూ ఉంటేనే రచయిత. నిధులు తెచ్చినందుకో, శాఖను నడిపినందుకో కృతజ్ఞతల్లో పేరు వేస్తే సరిపోతుంది. చాట్‌జీపీటీ లాంటి వాటిని రచయితలుగా చేర్చరాదని 2023లో ఇదే కమిటీ తేల్చింది, అవి పూచీ పడలేవు గనుక. అంకెల మీద ప్రశ్న రాగానే పీజీ మొహం చూసే పెద్దమనిషికి మాత్రం మినహాయింపు ఎందుకు?

పదోన్నతుల లెక్కే ఈ జాడ్యాన్ని పోషిస్తోంది. 2015లో భారత వైద్య మండలి మొదటి రెండు పేర్లకే విలువ కట్టింది. 2020లో మొదటి ముగ్గురికీ, పత్రికతో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపే కరస్పాండింగ్ ఆథర్‌కూ ఇచ్చింది. వరసలో చోట్లు పెరిగాయి గానీ, పని ఎవరు చేశారో ఆరా తీసే ఏర్పాటు రాలేదు.

ఎథిక్స్ కమిటీకి ప్రొటోకాల్ ఇచ్చే రోజే ఎవరి పని ఏమిటో రాసి, అందరూ సంతకాలు చేసిన కాగితం జతపరచాలి. పత్రం పంపేముందు దాన్ని జరిగిన పనితో సరిచూడాలి. ఫిర్యాదులను ఆ శాఖతో సంబంధం లేనివారు వినాలి. ఫిర్యాదు చేసిన విద్యార్థికి ఆ హెచ్‌వోడీ ఎగ్జామినర్‌గా ఉండకూడదు. పదోన్నతి ఇంటర్వ్యూలో ఆ కాగితం బల్ల మీద పెట్టి, పత్రంలోని ఒక పట్టిక చూపించి, ఆ అంకెలు ఎలా వచ్చాయో అడగాలి. చెప్పలేకపోతే ఆ పత్రాన్ని లెక్కలోంచి కొట్టేయాలి.