పాస్ ఇస్తే సరిపోదు!

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో పాయింట్ గార్డ్ పని మారిపోయింది. ఆ కొలువుకి మనిషిని ఎంచుకునే తీరూ మారిపోయింది. ఫ్రెషర్‌గా మొదటి ఉద్యోగం వెతుక్కుంటున్న మీరు ఈ మార్పును ఒకసారి దగ్గరగా చూడాలి.

2025 ఏప్రిల్ 7న శాన్ ఆంటోనియోలో ఎన్‌సీఏఏ పురుషుల ఫైనల్ జరిగింది. ఫ్లోరిడా 65, హ్యూస్టన్ 63. ఒక దశలో 12 పాయింట్లు వెనకబడిన ఫ్లోరిడా చివరికి గట్టెక్కింది. ఆ జట్టు గార్డ్ వాల్టర్ క్లేటన్ జూనియర్ మొదటి సగంలో ఒక్క పాయింటూ చేయలేదు. రెండో సగంలో 11 చేశాడు. ఆఖరి క్షణాల్లో హ్యూస్టన్ ఆటగాడి షాట్‌కి అడ్డంగా దూకిందీ అతనే. ఫైనల్ ఫోర్‌లో అత్యుత్తమ ఆటగాడి పురస్కారం అతనికే దక్కింది.

ఇదంతా స్పోర్ట్స్ పేజీ వార్త. మన పేజీకి కావాల్సింది వేరే ఉంది. క్లేటన్ ఫ్లోరిడాలో ఫ్రెషర్‌గా చేరలేదు. న్యూయార్క్ రాష్ట్రంలోని అయోనా అనే చిన్న విశ్వవిద్యాలయంలో రెండేళ్లు ఆడి వచ్చాడు. అతని పక్కన ఆడిన గార్డ్‌లు అలైజా మార్టిన్ ఫ్లోరిడా అట్లాంటిక్ నుంచి, విల్ రిచర్డ్ బెల్మాంట్ నుంచి వచ్చారు. ఓడిన హ్యూస్టన్‌లోనూ అంతే. పాయింట్ గార్డ్ మిలోస్ ఉజాన్ ఓక్లహోమా నుంచి, షూటర్ ఎల్‌జే క్రయర్ బేలర్ నుంచి వచ్చినవాళ్లే. మన భాషలో చెప్పాలంటే అందరూ ‘ఎక్స్‌పీరియన్స్‌డ్ హైర్లు’.

మరి ఇంటర్ స్థాయి నుంచి నేరుగా వచ్చే 18 ఏళ్ల కుర్రాడి పరిస్థితి ఏంటి? అసలు ప్రశ్న అదే.

సెట్టర్ ఉద్యోగం ఎలా మారింది?

వాలీబాల్ ఆడకపోయినా ఊళ్లో పండగ పోటీల్లో చూసే ఉంటారు. అందులో సెట్టర్ బంతిని లేపి ఇస్తాడు, స్మాష్ కొట్టేది ఇంకొకరు. బాస్కెట్‌బాల్‌లో పాయింట్ గార్డ్ చాలాకాలం అలాంటివాడే. బంతిని ముందుకు తీసుకెళ్లడం, ఏ ఎత్తు వేయాలో చెప్పడం, సరైన మనిషికి సరైన క్షణంలో అందించడం. డ్యూక్ గార్డ్ బాబీ హర్లీ 1990 నుంచి 1993 వరకు నాలుగు సీజన్లలో 1,076 అసిస్ట్‌లు ఇచ్చాడు. ఆ మధ్యలో 1991, 1992 టైటిళ్లు గెలిచాడు. అప్పట్లో ఆ ఉద్యోగానికి అదే కొలమానం.

నిబంధనలు కూడా మారుతూ వచ్చాయి. 1986-87 సీజన్ నుంచి మూడు పాయింట్ల గీత దేశమంతా అమల్లోకి వచ్చింది. పురుషుల ఆటలో షాట్ క్లాక్ 45 సెకన్ల నుంచి 1993లో 35కి, 2015లో 30కి తగ్గింది. సమయం తగ్గింది, దూరపు షాట్‌కి విలువ పెరిగింది.

దీని ప్రభావం ఎక్కడ పడిందో చూడండి. ఈ రోజుల్లో ఎక్కువ దాడులు పిక్ అండ్ రోల్‌తో మొదలవుతాయి. పొడుగు ఆటగాడు వచ్చి డిఫెండర్‌కి అడ్డంగా గోడలా నిలబడతాడు. గార్డ్ ఆ గోడ పక్కనుంచి దూసుకెళ్తాడు. గార్డ్‌కి దూరం నుంచి షాట్ వేయడం రాకపోతే డిఫెండర్ ఏం చేస్తాడు? గోడ వెనకనుంచి తాపీగా తిరిగొచ్చి రింగ్‌కి దారి మూసేస్తాడు. అప్పుడు ఎంత గొప్ప పాస్ ఇచ్చేవాడైనా ఉపయోగం లేదు, ఇవ్వడానికి ఖాళీయే ఉండదు. అదే షాట్ వచ్చినవాడైతే డిఫెండర్ అంటిపెట్టుకుని ఉండాలి, ఇంకొకరు సాయానికి రావాలి. ఆ ఇంకొకరు వదిలేసిన చోటే పాస్ పుడుతుంది. అంటే ఇప్పుడు షూటింగ్ అనేది పాసింగ్‌కి ముందు మెట్టు.

స్టీఫెన్ కర్రీ కథ ఈ మలుపుని బాగా చెబుతుంది. అతని తండ్రి ఆడిన వర్జీనియా టెక్ కూడా స్కాలర్‌షిప్ ఇవ్వలేదు. డేవిడ్‌సన్ అనే చిన్న కాలేజీ తీసుకుంది. 2008లో ఆ జట్టు చివరి ఎనిమిదిలోకి వచ్చినప్పుడు పాయింట్ గార్డ్ కర్రీ కాదు, జేసన్ రిచర్డ్స్. ఆ ఏడాది దేశంలో సగటున ఎక్కువ అసిస్ట్‌లు రిచర్డ్స్‌వే. అతను వెళ్లాక కర్రీ పాయింట్ గార్డ్ అయ్యాడు, ఆ సీజన్లో దేశంలో ఎక్కువ పాయింట్లు చేసిందీ అతనే. 2017-18లో ఓక్లహోమాకు చెందిన ట్రే యంగ్ సగటున 27.4 పాయింట్లు, 8.7 అసిస్ట్‌లతో రెండు జాబితాల్లోనూ దేశంలో మొదటి స్థానంలో నిలిచాడు. మహిళల్లో అయోవా గార్డ్ కెయిట్లిన్ క్లార్క్ 3,951 పాయింట్లు చేసింది. 2024లో ఆమె ఆడిన మహిళల ఫైనల్‌ని సుమారు 1.89 కోట్ల మంది చూశారు. పురుషుల ఫైనల్‌ని చూసింది 1.48 కోట్లే.

ఇంకోవైపు పాయింట్ గార్డ్ పాత పని వేరేవాళ్ల చేతుల్లోకీ పాకింది. 2024-25లో డ్యూక్ ఫ్రెషర్ కూపర్ ఫ్లాగ్ ఎత్తు 6 అడుగుల 9 అంగుళాలు. జట్టులో పాయింట్లలోనే కాదు, అసిస్ట్‌లలోనూ అతనే మొదటివాడు. బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయానికి ఆడిన రష్యా కుర్రాడు ఎగోర్ డ్యోమిన్‌దీ దాదాపు అదే ఎత్తు, ఆడింది మాత్రం గార్డ్‌గా. పాస్ ఇవ్వడం ఇప్పుడు ఒకరి హోదా కాదు, అందరికీ ఉండాల్సిన నైపుణ్యం. హోదా పేరు మిగిలింది, దాని వెనక పని ముక్కలై పంచుకుపోయింది. టెస్టింగ్, డెవలప్‌మెంట్, సపోర్ట్ అని విడివిడిగా ఉన్న గీతలు మన ఐటీలో ఎలా చెరిగిపోయాయో తెలిసినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు.

నియామకాల లెక్క

పని మారడం ఒక ఎత్తు, మార్కెట్ మారడం ఇంకో ఎత్తు. 2018 అక్టోబర్‌లో ఎన్‌సీఏఏ ‘ట్రాన్స్‌ఫర్ పోర్టల్’ పెట్టింది. కాలేజీ మారాలనుకునే ఆటగాడి పేరు అందులో చేరితే మిగతా కోచ్‌లు అతనితో మాట్లాడొచ్చు. అయితే అప్పటికి బాస్కెట్‌బాల్‌లో కాలేజీ మారితే మామూలుగా ఒక ఏడాది బెంచ్ మీద కూర్చోవాలి. 2021లో ఒకసారికి ఆ షరతు తీసేశారు. 2024లో ఎన్నిసార్లు మారినా, చదువు షరతులు తీరిస్తే చాలన్నారు. 2021 జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, రూపం వాడుకుని సంపాదించుకునే వీలు వచ్చింది. దాన్నే ఎన్‌ఐఎల్ అంటున్నారు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ‘హౌస్’ ఒప్పందంతో కాలేజీలే నేరుగా డబ్బు ఇవ్వొచ్చు. మొదటి ఏడాదికి ఒక్కో విశ్వవిద్యాలయం అన్ని క్రీడలకూ కలిపి గరిష్ఠంగా 2.05 కోట్ల డాలర్లు ఇవ్వొచ్చు.

ఇప్పుడు కోచ్ కుర్చీలో మీరు కూర్చోండి. పురుషుల జట్టులో 15 స్థానాలు. ఈ ఏడాది గెలవకపోతే మీ ఉద్యోగానికే ఎసరు. ఒక 18 ఏళ్ల కుర్రాడిని తీసుకుని రెండేళ్లు నేర్పిస్తే, నేర్చుకున్నాక ఎక్కువ డబ్బిచ్చే కాలేజీకి వెళ్లిపోవచ్చు. ఖర్చు మీది, ఫలితం ఇంకొకరిది. అదే డబ్బుతో 22 ఏళ్ల గార్డ్‌ని తీసుకుంటే మొదటి మ్యాచ్ నుంచే ఆడతాడు. 2025 వసంతంలో పురుషుల బాస్కెట్‌బాల్ నుంచి 2 వేల మందికి పైగా పోర్టల్‌లోకి వచ్చారు. ఎంచుకోవడానికి సరుకు కొరత లేదు.

ఈ లెక్క పాయింట్ గార్డ్ దగ్గర ఇంకా గట్టిగా పనిచేస్తుంది. బంతి ఎక్కువసేపు అతని చేతిలోనే ఉంటుంది కాబట్టి తప్పు చేస్తే నష్టం వెంటనే కనిపిస్తుంది. ట్రిస్టన్ న్యూటన్ ఈస్ట్ కరోలినాలో మూడేళ్లు ఆడి 2022లో కనెక్టికట్‌కి వచ్చాడు. 2023, 2024 రెండు టైటిళ్లూ అతను ఉన్నప్పుడే వచ్చాయి. అలాంటి ఉదాహరణలు చూశాక ఏ కోచ్ రిస్క్ తీసుకుంటాడు?

పైగా అనుభవమున్నవాడి రికార్డ్ కళ్లముందే ఉంటుంది. ఎన్ని అసిస్ట్‌లకి ఎన్నిసార్లు బంతి పోగొట్టుకున్నాడు, పిక్ అండ్ రోల్‌లో ఏం నిర్ణయం తీసుకున్నాడు, బలమైన జట్లపై ఎలా ఆడాడు... అన్నీ వీడియో ముక్కలతో సహా సాఫ్ట్‌వేర్‌లో దొరుకుతాయి. హైస్కూల్ కుర్రాడి 30 పాయింట్లకి అంత నమ్మకమైన కొలత లేదు. ఎదురుగా ఆడింది ఎవరో తెలియదు కదా.

నష్టపోయేది ఎవరు?

అందరు ఫ్రెషర్లూ కాదు. ఫ్లాగ్ లాంటివాళ్ల కోసం ఇప్పటికీ పెద్ద కాలేజీలు క్యూ కడతాయి. అతను 2025 ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక. దెబ్బ తగిలేది మధ్యలో ఉన్నవాళ్లకి. బాగా ఆడతారు, కానీ ఇంకా ఎదగాలి, ఎవరో ఒకరు ఓపిక పట్టాలి. ఆ ఓపికే ఇప్పుడు మార్కెట్లో దొరకని వస్తువైంది.

జా మొరాంట్‌ని గుర్తు చేసుకోండి. 2016లో సౌత్ కరోలినాలో ఒక శిబిరానికి ముర్రే స్టేట్ సహాయ కోచ్ వేరే కుర్రాడిని చూడటానికి వెళ్లాడు. చిరుతిండి కొనుక్కుందామని బయటికొస్తే పక్క జిమ్‌లో మొరాంట్ ఆడుతూ కనిపించాడు. 2018-19లో అతను సగటున 24.5 పాయింట్లు, 10 అసిస్ట్‌లు సాధించి, డ్రాఫ్ట్‌లో రెండో స్థానంలో ఎంపికయ్యాడు. ఇప్పుడు అలాంటి కుర్రాడికి చిన్న కాలేజీలోనైనా చోటు దొరకడం అప్పటికంటే కష్టం. పెద్ద కాలేజీల్లో ఆడే అవకాశం రానివాళ్లూ పోర్టల్ ద్వారా అక్కడికే దిగి వస్తున్నారు.

దూకడం కూడా ఉచితం కాదు. పోర్టల్‌లో పేరిచ్చాక ఉన్న కాలేజీ తర్వాతి టర్మ్ నుంచి స్కాలర్‌షిప్ ఆపేయొచ్చు. ఇంకో చోటు దొరుకుతుందన్న హామీ ఉండదు. విదేశీ ఆటగాళ్లకి మరో చిక్కు. ఎఫ్‌-1 వీసాపై ఉన్నవాళ్లు అనుమతి లేకుండా అమెరికాలో పని చేసి సంపాదించకూడదు. అందుకే కెంటకీకి ఆడిన కాంగో ఆటగాడు ఆస్కార్ షిబ్వే 2022లో జట్టు బహమాస్ పర్యటనకి వెళ్లినప్పుడు అక్కడ ఎన్‌ఐఎల్ పనులు చేసుకున్నాడు. ఎంఎస్‌కి వెళ్లిన మన తెలుగు పిల్లలకి సీపీటీ, ఓపీటీ నిబంధనలతో రోజూ ఉండే తలనొప్పి ఇదే జాతిది.

మీరేం చేయాలి?

‘ఫ్రెషర్లని ఎవరూ తీసుకోవట్లేదు’ అని మీరు అంటున్నది ఒట్టి నిరాశ కాదు. నేర్పించే ఖర్చు ఒకరు పెట్టి, లాభం ఇంకొకరు తీసుకెళ్లే మార్కెట్లో అది సహజంగా వచ్చే ఫలితం. మీ తప్పేమీ లేదు. అలాగని కూర్చుంటే పని జరగదు. కాబట్టి మూడు విషయాలు.

ఒకటి, మొదటి ఆఫర్‌ని పేరు చూసి కాదు, ఎంతసేపు ‘ఆడనిస్తారో’ చూసి ఎంచుకోండి. పెద్ద కంపెనీలో నెలల తరబడి బెంచ్ మీద కూర్చోవడం కంటే, చిన్న కంపెనీలో నిజమైన క్లయింట్ పని చేతికి రావడం ఎక్కువ. క్లేటన్‌కి అయోనా ఇచ్చింది అదే.

రెండు, ఎదుటివాళ్లు సరిచూసుకోగల రుజువు తయారు చేసుకోండి. ‘టీమ్ ప్లేయర్‌ని’ అని రెజ్యూమెలో రాస్తే ఎవరూ కొలవలేరు. నలుగురు వాడుతున్న ప్రాజెక్ట్, ఓపెన్ సోర్స్‌లో అంగీకరించిన కోడ్, ఇంటర్న్‌షిప్‌లో మీరు సరిచేసిన లోపం... ఇవి మ్యాచ్ రికార్డ్ లాంటివి.

మూడు, సమన్వయం ఒక్కటే మీ బలమైతే దానికి చేతిపని ఒకటి జోడించండి. మీటింగ్ బాగా నడిపేవాడు కోడ్ చదవగలిగితేనే అతని మాటకి విలువ, షాట్ వచ్చిన గార్డ్ పాస్‌కి దారి దొరికినట్టు.

ఒక తేడా మాత్రం మర్చిపోకండి. కాలేజీ ఆటగాడికి ఉండేది నాలుగైదేళ్లే. మీ ముందు ముప్ఫై ఏళ్ల ఉద్యోగ జీవితం ఉంది. మొదటి రెండేళ్లు చిన్న చోట గడిచినంత మాత్రాన వెనకబడిపోయారని కాదు. ఈ వారం మీ చేతిలో ఉన్న ఆఫర్లూ, అప్లికేషన్లూ తీసి ఒక్కో దాని పక్కన ఒకే ప్రశ్న రాయండి: ఇక్కడ ఏడాది పనిచేశాక నేను చూపించగలిగేది ఏంటి? జవాబు రాయలేకపోతే, చేరేముందే హెచ్‌ఆర్‌ని అడగండి.